బోరు నీళ్ళు, కాలువ నీళ్ళు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కల్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. నాన్న వేరుసెనగ రైతు. రెండేళ్ళ క్రితం పెళ్ళయి కోనసీమ వచ్చాను. ఇక్కడ ఏ పని చేయాలన్నా ఎనిమిది మందికి తెలియాలి. ఫ్రిజ్ కొనాలన్నా మావారి మేనత్తగారి అభిప్రాయం కావాలి. పోయిన నెల దగ్గరి పట్టణంలో ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. సరేనని చెప్పి వచ్చి, ఇంట్లో సంతోషంగా ఆ మాట చెప్పాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. మూడు రోజులు ఇల్లంతా మూగబోయింది. నాలుగో రోజు రాజోలు నుంచి మేనత్తగారు ఫోన్ చేసి, "అంత తొందర ఏం వచ్చిందమ్మా?" అన్నారు. నాతో అనని మాట ఆవిడ దాకా ఎలా వెళ్ళింది? ఇదే మనుషులు, నాకు టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రిలో ఉంటే, నాలుగిళ్ళ నుంచి వంతులు వేసుకుని క్యారేజీలు పంపారు. అది కూడా నిజమే. మావారు ఫోన్‌లో ఒక వీడియో చూపించి, "మేము వరి మనుషులం, మీరు మెట్ట మనుషులు. ఇది రక్తంలోనే ఉంటుంది, శాస్త్రవేత్తలు తేల్చేశారు" అంటున్నారు. నిజమేనా? నిజమైతే మారవలసింది నేనేనా? – ఒక కోడలు

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం చదివి రెండు రోజులు పక్కన పెట్టాను. అందులోని ఇల్లు నాకు బాగా తెలిసిన ఇల్లు. నేను గోదావరి మధ్య డెల్టాలో, కాలువ శివారున పుట్టాను. మీ ఇంట్లో మూడు రోజులు నిలిచిన ఆ నిశ్శబ్దాన్ని నేను చిన్నప్పుడు చాలాసార్లు విన్నాను. అందుకే ముందు శాస్త్రం మాట చెప్పి, తరువాత మీ వాకిట్లోకి వస్తాను.

మీవారు చూసిన వీడియో ఊహ మీద అల్లినది కాదు. థామస్ టాల్‌హెల్మ్ అనే అమెరికన్ 2007లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఇంగ్లీషు చెప్పేవాడు. దక్షిణాన ఉన్న ఆ ఊరి మనుషులకూ, తరువాత తాను చూసిన బీజింగ్ మనుషులకూ నడవడిలో తేడా కనిపించింది. యాంగ్జీ నదికి దక్షిణాన తరతరాలుగా వరి, ఉత్తరాన గోధుమ. ఈ తేడాకు పంటే కారణమా అని అతను ఆరు చోట్ల 1,162 మంది విద్యార్థులను పరీక్షించాడు. 2014లో ఆ ఫలితాలు 'సైన్స్' పత్రికలో వచ్చాయి.

ఆ పరీక్షల్లో ఒకటి మీరే మీ ఇంట్లో చేయవచ్చు. రైలు, బస్సు, రైలు పట్టాలు. ఈ మూడింటిలో ఏ రెండు జత? రైలూ బస్సూ అంటే రెండూ వాహనాలే కాబట్టి జత కలిపినట్టు. రైలూ పట్టాలూ అంటే ఒకటి లేక ఇంకొకటి నడవదు కాబట్టి కలిపినట్టు. వరి ప్రాంతాల విద్యార్థులు రెండో జతను ఎక్కువగా ఎంచుకున్నారు. ఇంకో పరీక్షలో తననూ తన స్నేహితులనూ వృత్తాలుగా గీయమన్నారు. గోధుమ ప్రాంతాల వారు తమ వృత్తాన్ని స్నేహితుల వృత్తాలకంటే సగటున మిల్లీమీటరున్నర పెద్దదిగా గీశారు. వరి ప్రాంతాల వారి వృత్తాలు ఇంచుమించు సమానం. ఆ మిల్లీమీటరున్నరను గుర్తు పెట్టుకోండి. శాస్త్రం చెప్పే తేడా ఆ పాటిది. అది సగటు తేడా. ఒక మనిషి ఎదుట నిలబడి "నువ్వు ఇంతే" అనడానికి అది ఏమాత్రం చాలదు.

దీనికి కారణంగా అతను చెప్పింది మన రైతు ఎవరైనా ఒప్పుకునేదే. వరికి గోధుమకంటే కనీసం రెట్టింపు శ్రమ పడుతుంది. నీటిని ఒక్కడే తెచ్చుకోలేడు, ఒక్కడే ఆపుకోలేడు. ఊడ్పులు రెండు మూడు వారాల్లో ముగియాలి, ఒక్క ఇంటి చేతులు సరిపోవు. కాబట్టి పక్కవాడితో గొడవ పెట్టుకునే స్తోమత వరి రైతుకు లేదు.

మీరు ఈ సార్వాలో, అంటే వానాకాలం వరి పంటలో, చేలగట్ల మీద నడిచారో లేదో తెలియదు. నడవకపోతే ఒకసారి నడవండి. డెల్టాలో చాలా చేలకు విడిగా బోదె, అంటే చిన్న పంట కాలువ, ఉండదు. నీళ్ళు ఎగువ చేనులోంచి దిగువ చేనులోకి, మడి నుంచి మడికి దిగుతాయి. పైవాడు దమ్ము చేస్తేనే కిందివాడికి బురద. పైవాడు యూరియా చల్లిన రోజున గండి తెరిస్తే, ఆ ఎరువు కిందివాడి చేలోకి పోతుంది. కోతకు ముందు నీళ్ళు తీయాలంటే అవి పోయే దారిలో ఇంకొకరి పంట ఉంటుంది. ఒకరు నెల ఆలస్యంగా నాటితే సుడిదోమ, ఎలుకలు అన్నీ ఆ ఒక్క చేనులో చేరతాయి. ఎలుకల మందు పెట్టడం కూడా ఊరంతా ఒకే రోజున పెడితేనే ప్రయోజనం. అందుకే వ్యవసాయ శాఖ వారు 'సామూహికంగా' అని అంతగా చెబుతారు. దాళ్వాలో, అంటే రెండో పంట వరికి, నీళ్ళు తగ్గితే వంతులవారీగా వదులుతారు. మీ వంతు రోజున మీరు చేలో లేకపోతే ఆ నీళ్ళు మీవి కావు.

ఇలాంటి చోట మనిషి మాట కూడా గండి కొట్టినంత జాగ్రత్తగా బయటికి వస్తుంది. మా నాన్నగారికి శివారున రెండెకరాలు. ఒక ఏడాది పొట్ట దశలో ఎగువ రైతు రాత్రివేళ బోదెకు అడ్డం వేసుకున్నాడు. నాన్నగారు లాంతరు పట్టుకుని వెళ్ళి చూసి వచ్చారు, ఏమీ అనలేదు. తెల్లవారాక ఆ రైతు ఇంటికి వెళ్ళారు, నన్నూ వెంట తీసుకెళ్ళారు. గేదె ఈనిందా అని అడిగారు. కూతురి పెళ్ళి సంబంధం గురించి అడిగారు. కాఫీ తాగారు. లేచి చెప్పులు వేసుకుంటూ, "మా చేను కాస్త బెట్టకు వచ్చినట్టుంది" అన్నారు. అంతే. సాయంత్రానికి మా మడిలో నీళ్ళు నిండాయి. ఆ మనిషితో నాన్నగారు ఆ తరువాత ముప్పై ఏళ్ళు అదే బోదె మీద బతికారు. నోరు జారి ఉంటే ఆ ముప్పై ఏళ్ళూ శత్రువు చేతిలో తూము ఉండేది.

మీ అత్తగారు మీతో అనని మాట రాజోలు వెళ్ళి తిరిగి రావడానికి వెనక ఈ చరిత్ర ఉంది. ఎదురుగా అంటే తెగుతుంది, చుట్టూ తిప్పి అంటే తెగదు అని ఆవిడ తరం నేర్చుకుంది. మిమ్మల్ని పరాయిదానిగా చూసి ఉంటే ఆ ఫోన్ కూడా వచ్చేది కాదు. నొచ్చుకున్నారు, కానీ మిమ్మల్ని నొప్పించకుండా చెప్పించాలనుకున్నారు. ఆ పద్ధతి మీకు ఇంకా ఎక్కువ నొప్పి కలిగించిందని ఆవిడకు తెలియదు.

ఇప్పుడు మీ ఊరి వైపు చూద్దాం. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. డెల్టాలో పడేది దాదాపు దానికి రెట్టింపు. మీ నాన్నగారు విత్తనం వేసేది ఆకాశాన్ని చూసి, పక్కవాడి తూమును చూసి కాదు. బోరు వేస్తే అది ఆయన అప్పు, ఆయన అదృష్టం. పడితే ఆయన నీళ్ళు, ఎండితే ఆయన కన్నీళ్ళు. అదనులో వాన పడితే గొర్రు కట్టుకుని చేలోకి వెళ్ళాలి. ఎనిమిది మందిని అడిగి వచ్చేసరికి పదును ఆరిపోతుంది. ఉద్యోగం వచ్చిన రోజునే సరేనని చెప్పి రావడం మీ ఇంట్లో తెలివి, ధైర్యం. మీ నాన్నగారు విని ఉంటే మీ భుజం తట్టి ఉండేవారు. కాబట్టి మీరు తప్పు చేశారని నేను అనను. బోరు నీళ్ళ అలవాటుతో కాలువ నీళ్ళ ఊళ్ళో నడిచారు, అంతే.

అయితే ఈ పోలికను ఇంతకుమించి సాగదీయడం నాకు ఇష్టం లేదు. ఆ పరిశోధన పోల్చింది వరినీ గోధుమనూ. గోధుమ గురించి తేలినదాన్ని తెచ్చి వేరుసెనగకు అంటగడితే అది శాస్త్రం కాదు. పైగా మీ సీమంతా ఎవరికి వారే అన్నట్టు బతికిందనడం అన్యాయం. విజయనగర రాజుల కాలం నాటి బుక్కపట్నం చెరువు లాంటివి అక్కడ ఉన్నాయి. చెరువు ఉన్న చోట కట్ట కాపాడుకోవడమూ, తూము దగ్గర వంతులూ తప్పవు. కలుపు తీతకు ఈ రోజు నీ చేలో, రేపు నా చేలో అనుకునే అలవాటు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది. మీ అమ్మగారిని అడిగి చూడండి.

ఇక 'రక్తంలో ఉంటుంది' అన్న మాట. మీవారికి ఇది గట్టిగా చెప్పండి: ఆ శాస్త్రవేత్తలు తేల్చింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. 2014 నాటి ఫలితాల మీద విమర్శలు వచ్చాయి. వరి పండే ప్రాంతాలకూ గోధుమ పండే ప్రాంతాలకూ మధ్య పంట ఒక్కటే తేడా కాదు కదా, వాతావరణం, చరిత్ర, సంపద అన్నీ వేరే కదా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా 2024లో ఇంకో అధ్యయనం వెలువడింది. చైనాలోని నింగ్‌షియాలో రెండు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలు ఉన్నాయి. రెండింటి మధ్య దూరం 56 కిలోమీటర్లు. వానా ఎండా ఇంచుమించు ఒకటే. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో రైతులు ఎంచుకోలేదు, ప్రభుత్వమే పంపింది. ఒకచోట వరి, ఇంకొకచోట గోధుమ. 234 మందిని పరీక్షిస్తే మళ్ళీ అదే తేడా కనిపించింది. వరి పండించినవారు బంధాల వైపు, గోధుమ పండించినవారు ఎవరికి వారు అన్న వైపు మొగ్గారు. అదే జాతి, అదే ప్రాంతం. మాటా నడతా మార్చింది చేసిన పని. రక్తంలో ఉన్నది కొన్ని దశాబ్దాల్లో మారదు, అలవాటు మారుతుంది.

మన డెల్టానే చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. దానికి ముందు ఈ నేల వరదకూ కరువుకూ మధ్య నలిగింది. 1830లలో కరువు, 1839లో కోరంగిని ముంచిన తుపాను. ఇక్కడ వరి అంతకుముందూ ఉంది, కానీ ఈ కాలువలు, నీళ్ళు వదిలే ఈ లస్కర్లు, ఈ వంతులు, ఎగువ దిగువ లెక్కలు ఇంత విస్తారంగా ఏర్పడింది ఆనకట్ట తరువాతే. అంటే మీవారు 'రక్తం' అంటున్నదానిలో పెద్ద భాగం వయసు నూట డెబ్బై ఏళ్ళు. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయంటే కారణం ఇదే. 'కాటన్ దొర సన్నాలు' అని వరి వంగడానికే పేరు పెట్టుకున్నారు.

అలవాటు అంత తేలికగా పోదన్నదీ నిజమే. టాల్‌హెల్మ్ బృందమే 2018లో ఇంకో ముచ్చటైన పరీక్ష చేసింది. చైనా నగరాల్లోని కాఫీ దుకాణాల్లో దారికి అడ్డంగా రెండు కుర్చీలను దగ్గరగా పెట్టి చూశారు. ఉత్తరాది నగరాల్లో 16 శాతం మంది కుర్చీ జరిపి వెళ్ళారు. దక్షిణాది నగరాల్లో 6 శాతం మందే జరిపారు, మిగిలినవారు ఒంటిని పక్కకు తిప్పుకుని సందులోంచి దూరి వెళ్ళారు. వాళ్ళలో చాలామంది చేను ముఖం చూసినవారు కాదు. చేను పోయినా, దానితో వచ్చిన నడక ఇంట్లో అమ్మానాన్నల ద్వారా మిగిలింది. మీరు ఉద్యోగం తెచ్చుకున్న రోజున ఆ ఇంట్లో మీరు కుర్చీ జరిపారు. వాళ్ళు అలవాటు కొద్దీ ఒళ్ళు తిప్పుకున్నారు.

ఇక్కడ ఆగి, ఈ సిద్ధాంతం మీద నాకున్న కోపం కూడా చెప్పాలి. 'వరి ప్రాంతంలో అందరూ కలిసి పని చేస్తారు' అన్న మాట వినడానికి తియ్యగా ఉంటుంది. డెల్టాలో ఎవరు కలిసి పని చేశారు? బురదలో నడుము వంచి ఊడ్చింది కూలికి వచ్చిన ఆడవాళ్ళు. చాలా ఊళ్ళలో వాళ్ళ పేట వేరు, వాళ్ళు నీళ్ళు తోడుకునే చోటు వేరు. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడినవారికి ఆ బురదతో పని లేదు. ఇప్పటికీ చేను ఒకరిది, సాగు కౌలు రైతుది, తుపానుకు పంట పడిపోతే నష్టం కౌలు రైతుది. ఇవేవీ చెప్పకుండా 'మాది కలిసి బతికే సంస్కృతి' అనడం సగం నిజం. ప్రణబ్ బర్ధన్ అనే ఆర్థికవేత్త 1974లోనే ఒక మాట చెప్పారు: ఆడవారి శ్రమ ఎక్కువగా కావలసిన వరి ప్రాంతాల్లో ఆడపిల్ల బతికే అవకాశం మన దేశపు ఉత్తరాది గోధుమ ప్రాంతాలకంటే మెరుగ్గా ఉంది. అది గొప్ప పరిశీలన. కానీ బతకనివ్వడం వేరు, మాట చెల్లనివ్వడం వేరు.

కలిసి ఉండటమంటే ప్రేమగా ఉండటమే అనుకోవద్దు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, చైనాలోని వరి ప్రాంతాల వారు తమ సొంత బృందంలోని వారినే ఎక్కువ అనుమానంతో కనిపెట్టి ఉంటారని తేలింది. నాకు ఆశ్చర్యం కలగలేదు. మా నాన్నగారు లాంతరు పట్టుకుని కాపలా కాసింది దొంగల కోసం కాదు, పొరుగువారి కోసం. మీ ఇంట్లో ఎవరు ఎప్పుడు బయటికి వెళ్ళారో అందరికీ తెలిసి ఉండటమూ, మీ జ్వరం సంగతి అడగకుండానే నాలుగిళ్ళకు తెలిసి ఉండటమూ ఒకే కళ్ళతో జరిగినవి. క్యారేజీ ఇచ్చినందుకు చూపును భరించాలని నేను చెప్పడం లేదు. అవి రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయని తెలిస్తే మీకు కోపం కాస్త తగ్గుతుందని చెబుతున్నాను.

మారవలసింది మీరేనా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. చెప్పి చేయడం వేరు, అడిగి చేయడం వేరు. కాలువ మీద బతికేవారు తూము ఎత్తే ముందు కిందివారికి చెబుతారు. "రేపు నీళ్ళు పెడుతున్నాను, నీ గండి చూసుకో" అంటారు. అనుమతి అడగరు. మీ అత్తగారు పోగొట్టుకున్నది ఆ ముందుమాట అని నా నమ్మకం. ఉద్యోగం వద్దనడం ఆవిడ ఉద్దేశమో కాదో మీరు ఇంకా తెలుసుకోలేదు, ఎందుకంటే ఆవిడ అనలేదు, మీరు అడగలేదు. ఆవిడను ఒంటరిగా ఉన్నప్పుడు పట్టుకోండి. "అత్తయ్యగారూ, ఈ సంగతి మీకు ముందు చెప్పవలసింది, నాకు తట్టలేదు. మా ఇంట్లో మంచి వార్తను చేతిలో పెట్టుకుని వచ్చి చెబుతాము" అనండి. ఉద్యోగం గురించి క్షమాపణ వద్దు. ముందు చెప్పనందుకు మాత్రమే.

ఏ సంగతి ముందు చెప్పాలి, ఏది అక్కర్లేదు అని మీకు సందేహం రావచ్చు. నీళ్ళు ఎవరి చేలోకి దిగుతాయో చూడండి. మీరు బడికి వెళితే పొద్దున్న వంట, పిల్లలు పుడితే వాళ్ళను చూసుకోవడం ఆవిడ మీదికి దిగుతాయి. అది ముందే చెప్పవలసిన సంగతి, కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి. మీ జీతంలోంచి మీ అమ్మగారికి చీర కొంటే అది ఎవరి చేలోకీ దిగదు. దానికి రాజోలు అభిప్రాయం అవసరం లేదు.

మీవారికి కూడా ఒక పని ఉంది. ఆయన ఈ సిద్ధాంతాన్ని తలుపు గడియలా వాడుతున్నారు. 'మేమింతే' అన్న తరువాత ఇక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు కదా. ఆ మూడు రోజుల నిశ్శబ్దంలో అమ్మ మనసులో ఏముందో కనుక్కుని మీకు చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో ఆయన ఒక్కరే. నిజంగా వరి మనిషైతే మధ్య గట్టు మీద నిలబడాలి. ఇక ముందు మేనత్తగారి నుంచి ఫోన్ రాకముందే ఆయన నుంచి మీకు మాట రావాలి. ఇది అడగడానికి మీరు మొహమాటపడవద్దు.

ఇంకొక్కటి మీరు కొన్ని నెలలు గమనించాలి. ఆ ఎనిమిది మందిలో మీరు ఉన్నారా? ఆడపడుచు పెళ్ళి మాట వచ్చినప్పుడు, కౌలు మార్చాలన్నప్పుడు, బావగారు అప్పు తీసుకోవాలన్నప్పుడు మీ అభిప్రాయం ఎవరైనా అడుగుతున్నారా? వంతులవారీ నీటిలో శివారు రైతుకు కూడా ఒక వంతు ఉంటుంది. అతని వంతు ఎప్పటికీ రాకపోతే ఊరు ఊరుకోదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు మూకుమ్మడిగా పంట విరామం ప్రకటించారు. తిండిగింజలు పండించేవారు చేలు బీడు పెట్టడమంటే చిన్న సంగతి కాదు. ఎవరికి వారు తీసుకోగలిగిన నిర్ణయం కాదది. ఊరూరా కూర్చుని మాట్లాడుకుని తీసుకున్నది. కలిసి నిర్ణయించడమంటే నాకు అది. మీ ఇంట్లో మీరు ప్రతిదీ చెప్పాలి, మీకు మాత్రం ఎవరూ ఏదీ చెప్పరు అనే తీరు ఉంటే, దానికి వరి పేరు పెట్టనివ్వకండి. అది పెత్తనం. దాని గురించి మళ్ళీ రాయండి, అప్పుడు వేరేగా మాట్లాడుకుందాం.

బడిలో చేరి ఉంటే మానవద్దు. చేరకపోతే, అత్తగారితో మాట్లాడిన మరునాడే వెళ్ళి చేరండి.

జూన్‌లో కాలువలకు నీళ్ళు వదులుతారు. ఆకుమడి పోసి, ఊడ్పులు మొదలయ్యేసరికి మీ నాన్నగారిని ఒకసారి రమ్మనండి. ఎన్ని బోర్లు వేశారో, ఎన్ని ఎండిపోయాయో ఆయనను మీ మామగారికి చెప్పనివ్వండి. మీ మామగారు ఆయనను తప్పకుండా తూము దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తారు. వచ్చేది ఎప్పుడో పది రోజుల ముందే ఇంట్లో చెప్పండి. ఒక్క పూట ఉండి వెళతానంటే మీ అత్తగారు ఒప్పుకోరు, కనీసం మూడు రోజులకు బట్టలు సర్దుకుని రమ్మనండి.